స్పామ్ వడపోతకు కొలమానం పోగొట్టిన ఉత్తరమే

శ్రీకాకుళంలోనూ, పలాస, టెక్కలి, ఆమదాలవలస వైపూ ఉన్న కొన్ని చిన్న సంస్థలకు మెయిల్ వ్యవహారాలు చూసిపెట్టడం నా వృత్తి. కొత్తగా ఎవరు పిలిచినా మొదట అడిగేది ఒకటే: "ఈ చెత్త మెయిళ్లు ఒక్కటి కూడా రాకుండా చేయగలరా?" చేయవచ్చు. వడపోతను ఎంత బిగించాలనుకుంటే అంత బిగించవచ్చు. అయితే ఆ బిగింపు వల్ల ఎవరికి ఏ నష్టం జరుగుతోందో మాత్రం బయటికి కనిపించదు. ఇన్‌బాక్సులోకి చొరబడిన మోసపు మెయిల్ అందరి కంటా పడుతుంది, నలుగురూ తిట్టుకుంటారు. జీమెయిల్ స్పామ్ ఫోల్డరులో ముప్పై రోజులు పడి ఉండి తనంతట తానే చెరిగిపోయిన అసలైన ఉత్తరం గురించి ఫిర్యాదు చేయడానికి, అది వచ్చిందని తెలిసినవారే ఉండరు.

అందుకే ఏ వడపోతనైనా అది ఆపిన చెత్తను బట్టి కాకుండా, పోగొట్టిన మంచి ఉత్తరాలను బట్టి బేరీజు వేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. స్పామర్లు ఎత్తుగడలు మార్చేకొద్దీ ఈ కొలతే ముఖ్యమవుతూ వస్తోంది. ఎందుకంటే ఈనాడు వాళ్ల ఎత్తుగడ అంతా మంచి ఉత్తరంలా కనిపించడమే.

మా వీధిలో డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయికి హైదరాబాదులోని ఒక సంస్థ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. అభినందనలు, మీరు ఎంపికయ్యారు, రేపు సాయంత్రం ఐదింటిలోగా ఈ లింకులో వివరాలు నింపండి, ధ్రువపత్రాల నకళ్లు జతచేయండి అన్నది అందులోని సారాంశం. ఎంపికయ్యారన్న శుభవార్త, తొందరపెట్టే గడువు, నొక్కమనే లింకు, వ్యక్తిగత పత్రాల కోసం అడగడం, ఇవన్నీ ఉద్యోగాల పేరిట జరిగే మోసాల్లో ఉండే లక్షణాలే. వడపోత దాన్ని స్పామ్‌లోకి నెట్టేసింది. ఆ అమ్మాయి చూసేసరికి గడువు దాటిపోయింది. సంస్థకు ఫోన్ చేస్తే జాబితా మూసేశామన్నారు.

ఇంచుమించు అదే కాలంలో పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి కార్యాలయానికి మరో మెయిల్ వచ్చింది. ఎన్నో ఏళ్లుగా ముడి గింజలు సరఫరా చేస్తున్న వ్యక్తి పేరుతోనే వచ్చింది. పాత బ్యాంకు ఖాతా ఆడిట్‌లో ఉందనీ, ఈసారి చెల్లింపు కింద ఇచ్చిన కొత్త ఖాతాకు పంపమనీ, మర్యాదగా, ఒక్క అచ్చుతప్పు లేకుండా నాలుగే వాక్యాలు ఉన్నాయి. లింకు లేదు, జతపరిచిన ఫైలు లేదు, తొందరపెట్టే మాట ఒక్కటీ లేదు. వడపోత దాన్ని నేరుగా ఇన్‌బాక్సులో పెట్టింది. తరవాత నేను దాని హెడర్లు, అంటే మెయిల్ ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పే సాంకేతిక వివరాలు, తెరిచి చూస్తే, డొమైన్ పేరులో (చిరునామాలో @ తరవాతి భాగంలో) ఒక్క అక్షరం ఎక్కువుంది. ఆ డొమైన్ నమోదై వారం కూడా కాలేదు. పంపిన సర్వర్‌ను, సంతకాన్ని, పేరు పొంతనను తనిఖీ చేసిన ఫలితాలుండే మూడు చోట్లా ‘పాస్’ అనే రాసి ఉంది. మోసగాడు తాను కొన్న డొమైన్‌కు అన్ని పత్రాలూ సక్రమంగా అమర్చుకున్నాడు మరి.

దాన్ని పట్టుకున్నది అక్కడ లెక్కలు రాసే పెద్దాయన. "బాబూ, ఇది ఆయన రాసింది కాదు. ఆయన ముందు సరుకు ఎలా వచ్చిందో అడుగుతారు, డబ్బు మాట ఆ తరవాతే" అని చెప్పి, పుస్తకంలో రాసిపెట్టుకున్న పాత నంబరుకు ఫోన్ చేశాడు. అవతలి వ్యక్తికి కొత్త ఖాతా సంగతే తెలియదు.

ఆ పెద్దాయన చూసినది ఉత్తరంలోని మాటలను కాదు, ఆ ఇద్దరు మనుషుల మధ్య ఏళ్ల తరబడి నడిచిన ఉత్తరాల వరసను. ప్రపంచంలోని కోట్లాది స్పామ్ మెయిళ్లను చూసి నేర్చుకున్న యంత్రానికి పలాసలో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడతారో తెలియదు. వడపోత గురించి ఆలోచించవలసింది ఇక్కడి నుంచేనని నా అభిప్రాయం.

ఈ ఇబ్బందికి మూలం ఈమెయిల్ పుట్టుకలోనే ఉంది. 1978 మే నెలలో, అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసే గ్యారీ థర్క్, ఇంటర్నెట్‌కు ముందటి నెట్‌వర్కు అర్పానెట్‌లో ఉన్న సుమారు 400 మందికి తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ, ఎవరూ అడగని ఆహ్వానం పంపాడు. అప్పుడే చాలామంది కోప్పడ్డారు. అయినా 1982లో కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు జాన్ పోస్టెల్ ఈమెయిల్ రవాణా నియమాలను రాసినప్పుడు, పంపేవాడు తాను చెప్పుకుంటున్న మనిషేనా అని నిర్ధారించే ఏర్పాటు వాటిలో లేదు. పోస్టు కవరు వెనక పంపినవారి పేరు ఏదైనా రాసుకోవచ్చు, పోస్టుమాన్ అడగడు; ఎస్‌ఎంటీపీ అనే ఆ నియమావళి కూడా అంతే. ఒకరికొకరు తెలిసిన కొద్దిమంది పరిశోధకుల నడుమ అది సరిపోయింది.

పంపేవాడెవరో తేల్చే మార్గం లేనప్పుడు మిగిలింది ఉత్తరంలో ఏముందో చూడడమే. మొదట్లో నిషిద్ధ పదాల జాబితాలు పెట్టుకున్నారు. 2001లో వచ్చిన స్పామ్ అసాసిన్ అనే వడపోత ప్రోగ్రాం ఒక్కో అనుమానానికి కొన్ని మార్కులు వేసి, మొత్తం 5కు చేరితే స్పామ్ అని తేల్చేది. ఇప్పటికీ దాని ప్రామాణిక గీత అదే. 2002 ఆగస్టులో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్ ఒక వ్యాసంలో వేరే దారి చూపించాడు. తనకు వచ్చిన మంచి మెయిళ్లు నాలుగు వేలు, స్పామ్ మెయిళ్లు నాలుగు వేలు తీసుకుని, ఏ మాట ఏ వైపు ఎన్నిసార్లు కనిపించిందో యంత్రం చేతనే లెక్కపెట్టించాడు. కొత్త మెయిల్ వస్తే అందులో అన్నిటికన్నా తేడా చూపించే పదిహేను మాటలను తీసుకుని సంభావ్యత కట్టాడు. ఇలాంటి ఆలోచనను 1998లోనే మైక్రోసాఫ్ట్ పరిశోధకులు, మరికొందరు కలిసి ప్రచురించినా, మామూలు ప్రోగ్రామర్ల చేతికి అందింది గ్రాహం వ్యాసంతోనే.

ఆ పద్ధతిలో సూత్రం కంటే నన్ను ఎక్కువ ఆకట్టుకునేది ఒక చిన్న నిర్ణయం. మంచి మెయిళ్లలో కనిపించిన మాటల లెక్కను ఆయన కావాలనే రెట్టింపు చేశాడు. సందేహం వచ్చినప్పుడు తూకం మంచి ఉత్తరం వైపు మొగ్గాలన్నది ఆయన ఉద్దేశం. నాలుగు స్పామ్ మెయిళ్లు ఎక్కువ వచ్చినా ఫరవాలేదు, ఒక్క మంచి ఉత్తరం పోకూడదన్న విలువను ఆయన లెక్కలోనే పొదిగాడు. పైగా ఆ వడపోత ఒక మనిషి మెయిళ్లతో నేర్చుకున్న వడపోత, ఆ మనిషి కోసమే పనిచేసేది. తరవాత కోట్లాది ఖాతాలకు ఒకే వడపోతను నడిపే పెద్ద సేవలు వచ్చాక ఈ రెండో గుణం చాలావరకు వెనకబడింది.

స్పామర్లు ఊరుకోలేదు. పదాల మధ్య చుక్కలు పెట్టారు, అక్షరాల బదులు అంకెలు పెట్టారు. తెల్లటి పుటపై తెల్లటి అక్షరాలతో కథల్లోంచి, వార్తల్లోంచి పేరాలకు పేరాలు ఎత్తి కనిపించకుండా దాచారు. మనిషి కంటికి ప్రకటన కనిపిస్తుంది, యంత్రానికి సాహిత్యం కనిపిస్తుంది. 2006లో మాటలన్నీ తీసేసి ప్రకటనను బొమ్మగా పంపారు. ఆ బొమ్మలోని అక్షరాలను చదవడం యంత్రం నేర్చుకుంటూ ఉండగానే 2007 వేసవిలో పీడీఎఫ్‌లకు మారారు. ఇటీవలి కాలంలో లింకు ఉండవలసిన చోట క్యూఆర్ కోడ్ పెడుతున్నారు. కార్యాలయపు కంప్యూటరులో లింకు నొక్కితే భద్రతా ఏర్పాట్లు అడ్డుపడతాయి. క్యూఆర్ కోడ్‌ను మనిషి తన సొంత ఫోనుతో స్కాన్ చేస్తాడు, అక్కడ ఆ ఏర్పాట్లు ఉండవు.

ఇంత శ్రమ ఎందుకు పడతారన్నదానికి 2008లో అమెరికన్ పరిశోధకుల బృందం ఒకటి సమాధానం చూపింది. వాళ్లు స్టార్మ్ అనే బాట్‌నెట్‌లో (యజమానులకు తెలియకుండా మోసగాళ్ల అదుపులో ఉన్న కంప్యూటర్ల గుంపులో) కొంత భాగంలోకి చొరబడి, మందుల ప్రకటనల మెయిళ్లను లెక్కపెట్టారు. 26 రోజుల్లో సుమారు 35 కోట్ల మెయిళ్లు వెళితే, కొనడానికి సిద్ధపడినవారు 28 మంది. అంత తక్కువ ఫలితంతో కూడా ఆ వ్యాపారం నడుస్తుంది, ఎందుకంటే మెయిల్ పంపడానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. వడపోత నూటికి తొంభై తొమ్మిదిని ఆపితే వాళ్లు మరింత పంపుతారు. అదే ఏడాది నవంబరు 11న, బాట్‌నెట్ల నియంత్రణ సర్వర్లకు ఆశ్రయమిచ్చిన మెకోలో అనే అమెరికన్ సంస్థకు ఇంటర్నెట్ కనెక్షన్ తెంచేస్తే ప్రపంచవ్యాప్తంగా స్పామ్ ఒక్కసారిగా పడిపోయింది; కొన్ని నెలల్లోనే మళ్లీ ఎగబాకింది. 2004 జనవరిలో బిల్ గేట్స్ రెండేళ్లలో స్పామ్ సమస్య తీరిపోతుందన్నాడు. తీరలేదు. అవతలివైపు ఖర్చు లేనంతకాలం ఇది ముగిసే పోరాటం కాదు. అందుకే ‘ఒక్కటి కూడా రాకుండా’ అన్న కోరికతో ఏ సంస్థా వడపోతను అమర్చుకోకూడదని నేను చెబుతాను.

ఇక మన భాష సంగతి. దీని గురించి తెలుగులో ఎవరూ పెద్దగా రాయడం నేను చూడలేదు కనుక కొంచెం వివరంగా చెబుతాను.

మాటలను ఖాళీల దగ్గర విడగొట్టి లెక్కపెట్టే వడపోతకు ఇంగ్లీషు అనుకూలం. తెలుగులో రుణం, రుణానికి, రుణాలిస్తాం, రుణమాఫీ, రుణగ్రహీతలకు అన్నవి ఆ వడపోతకు సంబంధం లేని ఐదు వేర్వేరు మాటలు. ఒక్కొక్కటీ అరుదుగా కనిపిస్తుంది కనుక దేని మీదా నమ్మదగిన లెక్క ఏర్పడదు. ఆధారం లేని చోట వడపోత ఇతర ఆనవాళ్ల మీద ఆధారపడుతుంది, ఆ ఆనవాళ్లు మన చిన్న సంస్థలకు ఎలా వ్యతిరేకంగా ఉంటాయో తరవాత చెబుతాను.

లిపిలోనూ ఇలాంటి చిక్కే ఉంది. రష్యన్ అక్షరాన్ని ఇంగ్లీషు అక్షరం బదులు పెట్టి కంటిని మోసం చేయడం స్పామర్లకు పాత విద్య. తెలుగులో ఆ పనికి పరాయి లిపి అవసరం లేదు. ‘రుణం’ అనీ ‘రుణ౦’ అనీ రాసి చూడండి. మొదటిదానిలో ఉన్నది పూర్ణానుస్వారం, రెండోదానిలో ఉన్నది తెలుగు అంకె సున్న. చాలా ఫాంట్లలో కంటికి తేడా తెలియదు, యంత్రానికి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. మోసగాడు ఈ రెండోదాన్ని వాడుకోవచ్చు. ఆ సున్న కనిపించగానే మోసమని తీర్మానిద్దామా అంటే, కీబోర్డు అలవాటు కొద్దీ నిజాయితీగా అలా టైపు చేసేవారు మన కార్యాలయాల్లోనే ఉన్నారు. కంటికి కనిపించని విభజకాల సంగతీ అంతే. ఇంగ్లీషు పదాల మధ్య స్పామర్లు వాటిని చొప్పించి వడపోతను తప్పించుకుంటారు కనుక, అవి కనిపిస్తే అనుమానించడం ఇంగ్లీషులో సబబే. తెలుగులో ‘ఆఫీస్‌లో’ అని పొల్లు విడిగా కనిపించాలంటే ఆ విభజకం పెట్టక తప్పదు. లేకపోతే ‘ఆఫీస్లో’ అని అతుక్కుపోతుంది. ఇంగ్లీషులో మోసానికి గుర్తు అయినది తెలుగులో సరైన రాతకు గుర్తు. ఇంగ్లీషు మెయిళ్ల మీద రాసిన నియమాలను యథాతథంగా మన మెయిళ్లకు వర్తింపజేస్తే జాగ్రత్తగా రాసేవారే నష్టపోతారు.

ఈ విషయంలో కొంత మేలు జరిగింది. 2023 నవంబరులో గూగుల్, అక్షరాల స్థాయిలో పాఠాన్ని చదివే రెట్‌వెక్ అనే పద్ధతిని వెల్లడించింది. అక్షరాలు మార్చడం, కనిపించని గుర్తులు చొప్పించడం వంటి ఎత్తుగడలకు అది తేలిగ్గా లొంగదు, అనేక భాషలతో పనిచేస్తుంది. జీమెయిల్‌లో దాన్ని వాడాక స్పామ్‌ను పట్టడం 38 శాతం మెరుగైందనీ, మంచి మెయిల్‌ను స్పామ్‌గా పొరబడడం 19.4 శాతం తగ్గిందనీ ఆ సంస్థ ప్రకటించింది. ఆ రెండో అంకెను కూడా కలిపి ప్రకటించడం నాకు నచ్చింది. ప్రతి మెయిల్ సేవా దాన్ని భాషవారీగా ప్రకటించాలని కోరుకుంటున్నాను. తెలుగు మెయిళ్ల విషయంలో అదెంతో తెలుసుకునే హక్కు మనకు ఉంది.

మాటలను చూసి తేల్చడం ఇంత కష్టం కనుకే, పంపినవాడెవరో తేల్చే ఏర్పాట్లను ఆలస్యంగానైనా తెచ్చారు. ఏ సర్వర్లు తన పేరుతో మెయిల్ పంపవచ్చో డొమైన్ యజమాని ప్రకటించేది ఎస్‌పీఎఫ్. మెయిల్‌ను దారిలో మారిస్తే బయటపడేలా సంతకం పెట్టేది డీకిమ్. ఈ రెండూ కుదరకపోతే ఏం చేయాలో చెప్పేది 2012లో వచ్చిన డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ మూడింటినీ భారీగా మెయిళ్లు పంపేవారికి తప్పనిసరి చేశాయి. జీమెయిల్ లెక్కలో రోజుకు 5,000 దాటితే భారీయే. గ్రహీతలు స్పామ్ అని నొక్కిన మెయిళ్లు 0.3 శాతానికి చేరకూడదన్న షరతూ ఉంది.

ఇవి మంచి ఏర్పాట్లు, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ ఇవి చెప్పేది ‘ఈ మెయిల్ ఫలానా డొమైన్ నుంచే వచ్చింది’ అన్నంతవరకే. ఆ డొమైన్ మంచిదో చెడ్డదో చెప్పవు, పలాస మెయిల్‌లో చూశాం కదా. మోసగాడికి వృత్తే అది కనుక రికార్డులన్నీ ముందుగా అమర్చుకుంటాడు. అమర్చుకోనిది ఎవరంటే మన ప్రైవేటు కళాశాల, మన ఆసుపత్రి, మన సహకార సంఘం. ఎప్పుడో ఎవరో వెబ్‌సైటు కట్టించినప్పుడు వచ్చిన డొమైన్, చవకగా దొరికిన హోస్టింగు, అదే సర్వరు చిరునామా మీద వందలాది ఇతర సైట్లు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి స్పామ్ పంపినా ఆ చిరునామా మొత్తం నిషిద్ధ జాబితాకెక్కుతుంది. దానితో కళాశాల పంపిన హాల్‌టికెట్ మెయిల్ విద్యార్థి స్పామ్‌లోకి పోతుంది. ఆ అమ్మాయికి వచ్చిన ఇంటర్వ్యూ పిలుపు హెడర్లు కూడా తెరిపించి చూశాను: సంతకం లేదు, ఎస్‌పీఎఫ్ కుదరలేదు. మాటలు మోసపు మాటల్లా ఉండడం సగం కారణమైతే, పంపిన సంస్థ అశ్రద్ధ మిగతా సగం. డొమైన్ రికార్డుల్లో నాలుగు వరసలు సరిచేస్తే తీరేదానికి ఒక ఉద్యోగం పోయింది.

చట్టం ఏదో చూసుకుంటుందనుకోవడానికి మన దేశంలో వీల్లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు వాణిజ్య ఫోన్ కాల్స్‌కూ ఎస్‌ఎంఎస్‌లకూ వర్తిస్తాయి, ఈమెయిల్‌కు కాదు. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌లో మోసపూరిత మెయిళ్ల ప్రస్తావన ఉండేది గానీ, ఆ సెక్షన్ మొత్తాన్నీ 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది, భావప్రకటన స్వేచ్ఛ దృష్ట్యా అది సరైన తీర్పే. ఒక్క మంచి అడుగు బ్యాంకుల విషయంలో పడింది. రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ డొమైన్‌కు మారాలని ఆదేశించింది. మాటలు చూడనవసరం లేకుండా చిరునామా చివర చూసి తేల్చుకునే వీలు ఇది.

నేను నా దగ్గరకు వచ్చిన సంస్థల్లో పాటించే పద్ధతి ఈ ఆలోచనలోంచి వచ్చినదే. స్పామ్ అని తేలినదాన్ని సర్వరు దగ్గరే నాశనం చేయించను. పక్కన పెట్టిన మెయిళ్ల జాబితా, పంపినవారి పేరు, విషయం మాత్రమే ఉండేలా, ప్రతి ఉదయం ఆ కార్యాలయంలోని ఒక బాధ్యతగల మనిషికి వెళుతుంది. రెండు నిమిషాల పని. తమకు తెలిసిన పేరు కనిపిస్తే ‘స్పామ్ కాదు’ అని నొక్కుతారు, అలా నొక్కిన కొద్దీ ఆ సంస్థ వడపోత ఆ సంస్థ మనుషులను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఇంతకుముందు ఎన్నడూ ఉత్తరం రాని డొమైన్ నుంచి, పాత పరిచయస్తుడి పేరుతో మెయిల్ వస్తే దాన్ని ఆపకుండా, పైన ఎర్రటి హెచ్చరిక తగిలిస్తాను. ఖాతా నంబరు మారిందని ఏ మెయిల్ చెప్పినా, అది ఎంత నమ్మకంగా ఉన్నా, మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాకుండా పుస్తకంలోని పాత నంబరుకు ఫోన్ చేయాలన్నది రాతపూర్వక నియమం. అది యంత్రానికి అప్పగించదగిన పని కాదు. డబ్బు పొరపాటున వెళ్లిపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలని ఆ కాగితం అడుగునే రాసి అంటిస్తాను.

మామూలు వాడకందారులకు కూడా ఒక మాట. తామే నమోదు చేసుకున్న పత్రిక మెయిలో, దుకాణం మెయిలో విసుగొచ్చి స్పామ్ అని నొక్కేవారు చాలామంది. అక్కర్లేకపోతే చందా మానుకునే లింకు నొక్కాలి, అయితే ఎన్నడూ ఎరగని పంపకందారు మెయిల్‌లో మాత్రం ఆ లింకు జోలికి పోకూడదు. వెయ్యి మందిలో ముగ్గురు నొక్కితే చాలు, ఆ పంపకందారు మెయిళ్లు, కావాలనుకునే మిగతావారికి కూడా చేరకుండా పోయే స్థితి వస్తుంది. చిన్న సంస్థకు ఆ దెబ్బ నుంచి కోలుకోవడం పెద్ద సంస్థకున్నంత తేలిక కాదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల ప్లేస్‌మెంట్ విభాగాలను నేను ముఖ్యంగా కోరేది రెండు పనులు. మొదటిది, తమ డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు ఉన్నాయో లేదో ఈ వారమే చూపించుకోవాలి. తెలిసినవారికి గంట పని, ఖర్చు లేదు. రెండోది, నియామకాలకు వచ్చే ప్రతి సంస్థ నుంచి అది ఏ చిరునామాతో మెయిల్ పంపుతుందో ముందుగానే అడిగి తెలుసుకుని, ఆ చిరునామాను నోటీసు బోర్డు మీద పెట్టి, విద్యార్థుల చేత తమ ఫోన్లలో పరిచయాల జాబితాలో చేర్పించాలి. ఇంటర్వ్యూల కాలం మొదలయ్యాక రోజూ స్పామ్ ఫోల్డర్ చూసుకోమని తరగతి గదిలో చెప్పాలి. ఇందుకు ఏ కళాశాలకైనా నా సాయం కావాలంటే వచ్చి చేసిపెడతాను.